గీటురాయి: సయ్యద్ అబ్దుల్ రహీం

కర్నూలు జిల్లాలో హంద్రీ నదీతీరాన ఉన్న ఊరు కోడుమూరు. వాన కోసం ఆకాశం వైపు చూసే ఆ మెట్టసీమలో తిరునాళ్ళు వచ్చాయంటే బండలాగుడు పోటీలు ఉండవలసిందే. ఎద్దుల వయస్సును వాటి పండ్లను బట్టి నిర్ణయించి, పాలపండ్ల కోడెలకు ఒక పోటీ, రెండు పండ్ల వాటికి వేరొక పోటీ, నాలుగు పండ్లకు, ఆరు పండ్లకు మరికొన్ని పోటీలు నిర్వహిస్తారు. పాలపండ్ల దశలో ఉన్న కోడెను కొనే రైతుకు అసలైన పరీక్ష సంతలోనే ఎదురవుతుంది. ఈ దూడ రేపు పెద్ద బండను లాగగలదా, లేదా అన్న విషయాన్ని అతడు ఆనాడే తేల్చుకోవాలి. అనుభవం లేనివాడు నిగనిగలాడే మేనిని, ఎత్తైన మూపురాన్ని చూసి మోజుపడతాడు. అనుభవజ్ఞుడు గిట్టలను, కాళ్ళ పొందికను, నడకను పరిశీలిస్తాడు. కాడి మెడమీద పడినప్పుడు అది ముందుకు వంగుతుందో, వెనక్కి జంకుతుందో కనిపెడతాడు. కంటికి కనిపించే బలం వేరు, బరువు పడినప్పుడు బయటపడే బలం వేరు అని అతనికి తెలుసు.

కోడెను ఎంచుకోవడమే ఇంత కష్టమైనప్పుడు, పదహారేళ్ళ కుర్రవాడిని చూసి ఇతడు రేపు దేశంలోని మేటి జట్టులో నిలబడగలడని చెప్పడం ఎంత కష్టమో ఊహించవచ్చు. ఆ తీర్పు తప్పితే నష్టం రెండు విధాలుగా ఉంటుంది. యోగ్యుడు మరుగున పడిపోతాడు. యోగ్యత లేనివాడు తన యౌవనాన్నంతా అందని దానికోసం వెచ్చించి, చివరకు రిక్తహస్తాలతో మిగులుతాడు. ఇటువంటి తీర్పులను ఏళ్ళ తరబడి ఇస్తూ, వాటికి తానే బాధ్యత వహిస్తూ, భారత ఫుట్‌బాల్‌ను ఆసియాలో అగ్రస్థానానికి చేర్చిన మహనీయుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. శిష్యులు, అభిమానులు ఆయనను రహీం సాబ్ అని ఆదరంగా పిలుచుకునేవారు.

రహీం 1909వ సంవత్సరం ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించాడు. అది నిజాం ప్రభువుల పరిపాలనా కాలం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజులలోనే ఆయనకు ఫుట్‌బాల్ ఆటపై మక్కువ ఏర్పడింది. మైదానంలో మంచి ఆటగాడిగా పేరు సంపాదించినప్పటికీ, బ్రతుకుతెరువు కోసం ఆయన ఎంచుకున్నది ఉపాధ్యాయ వృత్తి. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూం హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ మొదలైన పాఠశాలలలో ఆయన పనిచేశాడు. ఆ తరువాత వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, విద్యార్థుల ఆటపాటల బాధ్యతను స్వీకరించాడు.

ఈ ఉపాధ్యాయ జీవితమే ఆయన దృష్టికి పదును పెట్టిందని చెప్పవచ్చు. తరగతి గదిలో గబగబా జవాబు చెప్పే విద్యార్థి ఒకడుంటాడు. ఆలోచించి, తడబడి, చివరకు సరైన మార్గాన్ని తానే కనుగొనే విద్యార్థి మరొకడుంటాడు. మొదటివాడు అందరి కంటా పడతాడు. రెండవవాడిని గుర్తించాలంటే ఉపాధ్యాయునికి ఓర్పు కావాలి. మైదానంలోనూ ఇదే జరుగుతుంది. బంతిని పాదాలకు అంటించుకుని నలుగురిని తప్పించి పరుగెత్తే బాలునికి చప్పట్లు మోగుతాయి. బంతి తన దగ్గరకు రాకముందే దానిని ఎవరికి అందించాలో నిర్ణయించుకున్న బాలుని తెలివి ప్రేక్షకుల కంటికి ఆనదు. ఆ రెండవ బాలుని వెదకడమే రహీం జీవితకాల సాధన అయింది.

1943లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. ఆనాటి హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలలో ఫుట్‌బాల్ బీదసాదల ఆట. సైనిక శిబిరాల పరిసరాలలోనూ, పాతబస్తీ ఖాళీ స్థలాలలోనూ పిల్లలు వట్టికాళ్ళతో ఆడుకునేవారు. ప్రతిభకు కొదవ లేదు. కొదవ ఉన్నదల్లా ఆ ప్రతిభను జల్లెడ పట్టే పద్ధతికే.

చిన్న వయస్సులో ప్రతిభను కొలవడంలో మోసపోయే సందర్భాలు అనేకం. ఒకే తరగతి బాలురలో ఒకడు త్వరగా ఎదుగుతాడు, మరొకడు ఆలస్యంగా ఎదుగుతాడు. ముందు ఎదిగినవాడు తన దేహబలంతో తోటివారిని నెట్టుకుపోతుంటే, అది నేర్పు అని పెద్దలు పొరబడతారు. కెనడా దేశపు ఐస్ హాకీ జట్లను 1980వ దశకంలో పరిశీలించిన పరిశోధకులు ఒక వింతను గమనించారు. వయోవిభాగానికి నిర్ణయించిన సంవత్సరంలో మొదటి నెలలలో పుట్టిన పిల్లలే మేటి జట్లలో ఎక్కువగా ఉన్నారు. కొద్ది నెలల వయోభేదాన్ని ఎంపికదారులు ప్రతిభగా భావించడమే దీనికి కారణమని వారు వివరించారు. ఫుట్‌బాల్‌లోనూ ఇదే ధోరణి ఉన్నదని తరువాతి పరిశోధనలు నిరూపించాయి. ఇటువంటి శాస్త్రీయ అధ్యయనాలేవీ లేని కాలంలోనే, పైపై మెరుగులకు లొంగకుండా లోపలి సత్తువను పరీక్షించే ఉపాయాలను రహీం రూపొందించుకున్నాడు.

ఆయన నిర్వహించిన పోటీలు చూసేవారికి విచిత్రంగా తోచేవి. ఒక పోటీలో ఆటగాళ్ళు బంతిని డ్రిబ్లింగ్ చేయరాదు. బంతి అందిన వెంటనే సహచరునికి పంపవలసిందే. మరొక పోటీలో బలహీనమైన పాదంతో మాత్రమే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే బంతిని తన్నాలి. ఈ నిబంధనల వెనుక లోతైన ఆలోచన ఉంది. డ్రిబ్లింగ్‌ను నిషేధిస్తే సొగసైన విన్యాసాల ముసుగు తొలగిపోతుంది. అప్పుడు ఆటగానికి మిగిలేది చూపు, నిర్ణయశక్తి, తోటివారి కదలికలపై అవగాహన మాత్రమే. వాటమైన పాదాన్ని కట్టడి చేస్తే, తనకు చేతకాని పనిని నేర్చుకోవడానికి అతడు ఎంత ఓపికగా శ్రమిస్తాడో తెలిసిపోతుంది. బంగారాన్ని గీటురాయిపై గీసి చూసినట్లుగా, ఆటగాని బలాన్ని తీసివేసి మిగిలినదానిని తూచడం ఆయన విధానం. ఆ పోటీలు పరీక్షలే గాక శిక్షణ కూడా అయ్యాయి. రెండు పాదాలనూ సమానంగా వాడగలిగి, ఒక్క తాకిడితో బంతిని సాగనంపే ఆటగాళ్ళు హైదరాబాదులో తయారయ్యారు.

1948లో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో చేరింది. ఆ తరువాత కొద్దికాలానికే, 1950లో, హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు రహీం శిక్షకుడయ్యాడు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటి మేటి ఆటగాళ్ళు ఆ జట్టులో ఉండేవారు. అంతకుముందు దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనే భావన ఉండేది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ క్లబ్బులదే పెత్తనం. ఆ పరిస్థితిని దక్కను పోలీసులు తారుమారు చేశారు. 1950లోనే ఢిల్లీలో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పును గెలుచుకున్నారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు కైవసం చేసుకున్నారు. చిన్న పాసులతో, అలుపెరుగని పరుగుతో సాగే వారి ఆటతీరులో రహీం ముద్ర స్పష్టంగా కనిపించేది.

జాతీయ జట్టు శిక్షణ బాధ్యత కూడా ఆయననే వరించింది. 1951లో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. శైలేన్ మన్నా నాయకత్వంలో భారత జట్టు ఫైనల్‌లో ఇరాన్‌ను ఒక్క గోల్ తేడాతో ఓడించి స్వర్ణపతకం సాధించింది. ఆ గోల్ చేసినవాడు సాహు మేవాలాల్. స్వాతంత్ర్యం వచ్చిన నాలుగేళ్ళకే దక్కిన ఈ విజయం దేశ ప్రజలను ఉత్సాహంలో ముంచెత్తింది.

అయితే మరుసటి సంవత్సరమే చేదు అనుభవం ఎదురైంది. 1952లో ఫిన్లండ్ రాజధాని హెల్సింకీలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో భారత జట్టు 10-1 గోల్స్ తేడాతో ఘోరంగా ఓడిపోయింది. చలి వాతావరణంలో, జారే పచ్చికపై మన ఆటగాళ్ళలో అనేకులు బూట్లు లేకుండా ఆడారు. అంతేగాక ఆ రోజులలో మన దేశంలోని పోటీలు సాధారణంగా 90 నిమిషాల కంటే తక్కువ వ్యవధిలోనే ముగిసేవి. అంతర్జాతీయ పోటీలోని పూర్తి వ్యవధికి మనవారి దేహాలు అలవాటు పడలేదు. స్వదేశంలో మేటి అనిపించుకున్నవాడు ప్రపంచ వేదికపై నిలవగలడన్న నమ్మకం ఎంత బలహీనమో ఆ పరాజయం చాటిచెప్పింది. ఆ తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్ల వాడకాన్ని తప్పనిసరి చేసింది. ఏ బరువును లాగవలసి ఉన్నదో తెలియకుండా కోడె బలాన్ని తూచలేము. రహీం ఆ బరువు ఎంతో హెల్సింకీలో తెలుసుకున్నాడు.

ఆటగాడిని గుర్తించడం సగం పని మాత్రమే. గుర్తించిన తరువాత అతని దారిలోని ముళ్ళను తొలగించడం మిగిలిన సగం. తులసీదాస్ బలరాం కథ ఇందుకు చక్కని ఉదాహరణ. సికింద్రాబాదు శివార్లలోని అమ్ముగూడలో ఒక నిరుపేద కుటుంబంలో పుట్టిన కుర్రవాడు బలరాం. అతని ఆటను చూసిన రహీం హైదరాబాదుకు వచ్చి శిక్షణ పొందవలసిందిగా కోరాడు. బలరాం మాత్రం సంకోచించాడు. అమ్ముగూడ నుండి హైదరాబాదు మైదానానికి చాలా దూరం. రోజూ వచ్చి పోవడానికి కావలసిన డబ్బు ఆ ఇంట్లో లేదు. ఇష్టం లేక రాలేదని రహీం అనుకోలేదు. సంగతి తెలుసుకుని, అద్దె సైకిలుకు అయ్యే ఖర్చును తానే ఇచ్చాడు. ఆ రోజులలో అది రోజుకు ఒక రూపాయి. ఆ సైకిలు మీద వచ్చిన యువకుడు 1956లో ఇరవై ఏళ్ళకే ఒలింపిక్ క్రీడలకు ఎంపికయ్యాడు. అనంతరకాలంలో భారత ఫుట్‌బాల్ చరిత్రలోనే అగ్రశ్రేణి ఫార్వర్డ్ ఆటగాళ్ళలో ఒకడిగా కీర్తి పొందాడు. రోజుకొక రూపాయి దొరకక ఆగిపోయిన బలరాములు ఈ దేశంలో ఎందరున్నారో ఏ లెక్కలూ చెప్పలేవు.

1956వ సంవత్సరాంతంలో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో ఒలింపిక్స్ జరిగాయి. హంగేరీ పోటీ నుండి తప్పుకోవడంతో భారత జట్టు నేరుగా రెండవ రౌండు చేరి ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను ఎదుర్కొన్నది. ఆ పోటీలో బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన మొదటి ఆసియావాసిగా అతడు చరిత్రకెక్కాడు. భారత్ 4-2తో గెలిచి సెమీఫైనల్ చేరింది. ఈ ఘనత సాధించిన తొలి ఆసియా జట్టు కూడా మనదే.

సెమీఫైనల్‌లో ఎదురైనది మళ్ళీ యుగోస్లావియాయే. ఈసారి తొలి గోల్ చేసినది భారత జట్టు. డిసౌజా గోల్‌తో ముందంజ వేసిన తరువాతనే ప్రత్యర్థులు పుంజుకుని 4-1తో గెలిచారు. మూడవ స్థానం కోసం బల్గేరియాతో జరిగిన పోటీలోనూ ఓడి, భారత్ నాల్గవ స్థానంతో సరిపెట్టుకుంది. నాలుగేళ్ళ క్రితం పది గోల్స్ ఇచ్చుకున్న జట్టు, అదే దేశంతో ఒక దశలో ఆధిక్యం పొందే స్థాయికి ఎదగడమే రహీం సాధించిన ప్రగతికి కొలమానం. ఆ జట్టులో హైదరాబాదు ప్రాంతపు ఆటగాళ్ళు పలువురున్నారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరాం వారిలో కొందరు.

ఈ ప్రగతికి వ్యూహం కూడా తోడ్పడింది. 1953లో ఇంగ్లండును దాని సొంత గడ్డపై 6-3తో ఓడించి హంగేరీ జట్టు ప్రపంచాన్ని ఆశ్చర్యపరచింది. సెంటర్ ఫార్వర్డ్ ముందే నిలబడక వెనక్కి దిగి ఆడటం ఆ జట్టు ప్రత్యేకత. అతనిని వెంబడించాలో, తమ స్థానంలోనే ఉండాలో తెలియక ప్రత్యర్థి డిఫెండర్లు తికమకపడ్డారు. ప్రపంచ ఫుట్‌బాల్‌లో వస్తున్న ఇటువంటి మార్పులను గ్రహించి, వాటిని మన ఆటగాళ్ళ స్వభావానికి అనుగుణంగా మలచినవాడు రహీం. నలుగురు డిఫెండర్లు, ఇద్దరు మధ్యవరుసవారు, నలుగురు ఫార్వర్డులు ఉండే 4-2-4 పద్ధతిని మన దేశంలో ప్రవేశపెట్టిన ఘనత ఆయనదే. ఒక ఆటగాడు ఎంత గొప్పవాడన్న ప్రశ్నతో ఆయన ఆగిపోలేదు. ఏ స్థానంలో గొప్పవాడు కాగలడన్న ప్రశ్నను కూడా వేసుకున్నాడు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. అంతవరకు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న కర్నూలు నుండి పాలనాయంత్రాంగం హైదరాబాదుకు తరలివచ్చింది. దేశవాళీ ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58 పోటీలలో హైదరాబాదు జట్టు వరుసగా గెలుచుకుంది. కాలక్రమంలో సిటీ పోలీసు జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టుగా మారింది. ఈ విధంగా తుంగభద్ర ఒడ్డున ఉన్నవారికీ మూసీ ఒడ్డున ఉన్నవారికీ ఆ విజయాలు ఉమ్మడి ఆస్తి అయ్యాయి.

తీర్పరికి అత్యంత కఠినమైన పరీక్ష తనవారి విషయంలోనే ఎదురవుతుంది. రహీం కుమారుడు సయ్యద్ అబ్దుల్ హకీం కూడా మంచి ఆటగాడు. 1960లో రోమ్ నగరంలో జరిగిన ఒలింపిక్ క్రీడలకు వెళ్ళిన భారత బృందంలో అతనికి స్థానం లభించింది. శిక్షకుడు తండ్రి, ఆటగాడు కొడుకు. కానీ భారత్ ఆడిన మూడు పోటీలలో ఒక్కదానిలోనూ హకీం మైదానంలోకి దిగలేదు. తుది జట్టులో తన కుమారుని కంటే తగినవారున్నారని రహీం భావించినప్పుడు, రక్తసంబంధం ఆ తూకాన్ని కదిలించలేకపోయింది. ఇంటి భోజనాల వేళ తండ్రీకొడుకుల నడుమ ఆ మౌనం ఎంత బరువుగా ఉండి ఉంటుందో మనం ఊహించుకోవలసిందే. హకీం మాత్రం ఆటను విడువలేదు. శిక్షకుడిగా సేవలందించి, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారాన్ని అందుకున్నాడు. 2021లో కన్నుమూశాడు.

రోమ్ క్రీడలలో భారత్‌కు కఠినమైన గ్రూపు దక్కింది. పటిష్ఠమైన హంగేరీ చేతిలో 1-2తో ఓడిపోయినా మనవారు చివరివరకు పోరాడారు. భారత్ తరఫున ఆ గోల్ చేసినవాడు బలరాం. ఫ్రాన్సుతో పోటీ 1-1తో సమమైంది. పి.కె. బెనర్జీ ఆ గోల్ సాధించాడు. పెరూ చేతిలో 1-3తో ఓటమి తప్పలేదు. అప్పుడూ మన గోల్ బలరాందే. భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్ క్రీడలలో ఆడటం అదే చివరిసారి అవుతుందని ఆనాడు ఎవరూ అనుకోలేదు.

రహీం జీవితంలోని అతి గొప్ప ఘట్టం 1962లో ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగింది. నాల్గవ ఆసియా క్రీడలలో చునీ గోస్వామి నాయకత్వాన భారత జట్టు బరిలోకి దిగింది. తొలి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. ఆ తరువాత థాయిలాండ్‌ను 4-1తోనూ, జపాన్‌ను 2-0తోనూ ఓడించి మనవారు నిలదొక్కుకున్నారు. ఈలోగా జట్టును గాయాలు, అనారోగ్యం చుట్టుముట్టాయి. రక్షణశ్రేణికి వెన్నెముక వంటి జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరపడ్డాడు. అతని స్థానంలో ప్రద్యుత్ బర్మన్ ఆడవలసి వచ్చింది.

జర్నైల్ సింగ్‌ను ఏమి చేయాలి? సాధారణ శిక్షకుడైతే గాయపడినవానికి విశ్రాంతినిచ్చేవాడు. లేదా అలవాటైన స్థానంలోనే నిలిపి, భారమంతా దైవంపై వేసేవాడు. రహీం ఆలోచన వేరు. రక్షణశ్రేణిలో ఉంటే ఎత్తైన బంతులను తలతో ఎదుర్కోవడం తప్పదు, గాయం తిరగబెట్టవచ్చు. కానీ అతని దేహదారుఢ్యం, మొక్కవోని ధైర్యం జట్టుకు కావాలి. జర్నైల్ కళాశాల రోజులలో ముందువరుసలో ఆడినవాడు. అందువల్ల రహీం అతనిని సెంటర్ ఫార్వర్డ్ స్థానానికి మార్చాడు. ఆసియాలోనే మేటి డిఫెండర్లలో ఒకనిని, తలకు కట్టుతో, సెమీఫైనల్‌లో గోల్స్ చేయడానికి పంపడం అంటే తన ప్రతిష్ఠనంతటినీ పణంగా ఒడ్డడమే. ఆ పోటీలో భారత్ దక్షిణ వియత్నాంను 3-2తో ఓడించింది. చునీ గోస్వామి రెండు గోల్స్ చేయగా, మూడవది జర్నైల్ సింగ్ చేశాడు.

ఫైనల్ సెప్టెంబరు 4న జరిగింది. ప్రత్యర్థి తొలి పోటీలో మనలను ఓడించిన దక్షిణ కొరియాయే. సెనయాన్ మైదానంలో సుమారు లక్షమంది ప్రేక్షకులున్నారు. వారిలో అత్యధికులు భారత జట్టుపై కోపంతో ఉన్నారు. ఆ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను రానివ్వకపోవడాన్ని భారత క్రీడాధికారి జి.డి. సోంధీ తప్పుపట్టడమే ఆ కోపానికి కారణం. మనవారి పాదాలకు బంతి తగిలినప్పుడల్లా మైదానం ఎగతాళి కేకలతో దద్దరిల్లింది. జ్వరం నుండి కోలుకున్న తంగరాజ్‌ను రహీం తిరిగి గోల్ ముందు నిలిపాడు. ఆజానుబాహువైన తంగరాజ్ ఉంటే కొరియన్లు కొట్టే ఎత్తు బంతులకు అడ్డుకట్ట పడుతుంది. ముందువరుసలో జర్నైల్ సింగ్ కట్టు విప్పని తలతోనే నిలిచాడు. పదిహేడవ నిమిషంలో పి.కె. బెనర్జీ తొలి గోల్ సాధించాడు. మరి కొద్ది నిమిషాలకే జర్నైల్ సింగ్ రెండవ గోల్ చేశాడు. చివరి దశలో కొరియా ఒక గోల్ తిరిగి ఇచ్చినా, తంగరాజ్‌ను మరల దాటలేకపోయింది. 2-1తో భారత్ విజేత అయింది. రహీం తీర్పులు రెండూ నిలిచాయి.

విజయం తెచ్చిన సంతోషం ఎక్కువ కాలం నిలువలేదు. ఊపిరితిత్తుల కాన్సర్ ఆ మహోన్నత శిక్షకుని పొట్టన పెట్టుకున్నది. జకార్తా విజయం తరువాత తొమ్మిది నెలలు గడిచీ గడవకముందే, 1963 జూన్ 11న, యాభై మూడేళ్ళ వయస్సులో రహీం తుదిశ్వాస విడిచాడు.

ఆయన తీర్పు ఎంత నిజమో కాలమే సాక్ష్యమిచ్చింది. 1961లో అర్జున పురస్కారాలు ప్రారంభమయ్యాయి. ఫుట్‌బాల్‌లో మొదటి ఏడు సంవత్సరాలు వాటిని అందుకున్నవారు వరుసగా పి.కె. బెనర్జీ, బలరాం, చునీ గోస్వామి, జర్నైల్ సింగ్, అరుణ్ ఘోష్, యూసుఫ్ ఖాన్, పీటర్ తంగరాజ్. వీరందరూ జకార్తా స్వర్ణ జట్టులోని వారే. శిక్షకులను గౌరవించే ద్రోణాచార్య పురస్కారం 1985లో గాని ఆరంభం కాలేదు. 1990లో ఆ పురస్కారాన్ని పొందిన సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదువాడే. ఆయన నాయకత్వంలోనే భారత్ 1970 ఆసియా క్రీడలలో కాంస్యపతకం సాధించింది.

మరొక సాక్ష్యం విచారకరమైనది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలుచుకున్న తరువాత, తెలుగునేలపై ఫుట్‌బాల్ క్రమంగా మసకబారింది. 1962 తరువాత 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన క్రీడల వరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత పురుషుల జట్టుకు స్వర్ణం దక్కలేదు. ప్రతిభ ఒక్కసారిగా మాయమైపోయిందని అనుకోవడానికి వీలులేదు. అదే నేల, అవే వీధులు, అవే పేదబాలుర పాదాలు. సందులలోని ఆటను చూసి రేపటి ఆటగాడిని పోల్చుకోగల కన్ను, పోల్చుకున్నవానికి సైకిలు అద్దె ఇవ్వగల చేయి కరవయ్యాయి. ఒక వ్యక్తి సామర్థ్యంపై ఆధారపడిన వ్యవస్థ ఆ వ్యక్తితోనే కృశిస్తుంది. 2024లో విడుదలైన మైదాన్ అనే హిందీ చలనచిత్రం ద్వారా ఆయన పేరు కొత్త తరానికి మళ్ళీ పరిచయమైంది.

రహీం జీవితం నుండి యువతరం గ్రహించవలసిన విషయాలు రెండున్నాయి. మొదటిది, ప్రతిభను ఒక్కరోజు ప్రదర్శనతో తూచరాదు. అనుకూల పరిస్థితులలో మెరిసినవానికంటే, తన బలమైన పాదాన్ని కట్టివేసినప్పుడు కూడా ఆటను కొనసాగించేవాడు దూరం వెళతాడు. ఒక పరీక్షలో తప్పినంత మాత్రాన, ఒక ఎంపికలో పేరు రానంత మాత్రాన యువకుడు తన విలువపై తానే తుదితీర్పు రాసుకోవడం తగదు. బలహీనమైన పాదానికి పదును పెట్టుకోవడానికి ఎప్పుడూ అవకాశం ఉంటుంది.

రెండవది, తీర్పు చెప్పే స్థానంలో ఉన్నవారికి సంబంధించినది. నేటి విద్యార్థులే రేపు ఉపాధ్యాయులై, అధికారులై, తల్లిదండ్రులై ఇతరుల భవిష్యత్తును తూచవలసినవారు. పనికిరావని ఒకనితో చెప్పడం చాలా తేలిక. ఆ మాటతో చెప్పినవాని బాధ్యత ముగుస్తుంది. పనికివస్తావని చెప్పినవానికి బాధ్యత అప్పుడే మొదలవుతుంది. దారి చూపాలి, అడ్డంకులు తొలగించాలి, తగిన స్థానంలో నిలపాలి, ఫలితం తారుమారైతే నింద మోయాలి. సయ్యద్ అబ్దుల్ రహీం ఆ మాటను ఎందరో పేద యువకులతో అన్నాడు. అన్న ప్రతిసారీ దాని బరువును తన భుజాలపైనే మోశాడు.